పుట్టీ కింద తుప్పు: పాత కారుని పదివేల లోపు బాగుచేసుకోవడం ఎలా?

మా ఇంట్లో ఒక తెల్ల మారుతి 800 ఉంది. 2007 మోడల్. నాన్న సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. నన్ను స్కూల్లో దింపింది, అక్క పెళ్ళికి సామాన్లు మోసింది, తాతయ్యని ఆసుపత్రికి తిప్పింది, అన్నీ ఆ బండే. 2022లో దానికి పదిహేనేళ్ళు నిండాయి. సొంత కారుకి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళే చెల్లుతుంది కదా, ఆ తర్వాత బండి చూపించి అయిదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. సరిగ్గా ఆ ఏడాది ఏప్రిల్ నుంచే కారు రీ-రిజిస్ట్రేషన్ ఫీజు 600 రూపాయల నుంచి 5,000కి పెరిగింది. ఫీజు పక్కన పెట్టుకుని, మిగిలిన డబ్బుతో ఒక షెడ్డులో టింకరింగ్, పెయింటింగ్ చేయించాం. ఆరు వేలయింది. బండి పెళ్ళికొడుకులా మెరిసిపోయింది. పాసైపోయింది కూడా.

రెండు వానాకాలాలు గడిచాక ఎడమ వెనక చక్రం పైన, రంగు కింద, ఒక చిన్న బుడగ లేచింది. మొదట శనగ గింజంత. తర్వాత రూపాయి బిళ్ళంత. పోయిన వేసవి సెలవుల్లో ఇంటికెళ్ళి దాన్ని వేలితో నొక్కితే వేలు లోపలికి దిగిపోయింది. అక్కడ రేకే లేదు. పైన రంగు, రంగు కింద పుట్టీ, పుట్టీకి ఆసరాగా కుక్కిన న్యూస్‌పేపరు ఉండ, దాని కింద గోధుమరంగు పొడి. ఆరు వేలు పోసి మేం కొనుక్కున్నది అదన్నమాట!

దానికి నవ్వొచ్చింది గానీ, అసలు భయం తర్వాత వేసింది. ఎందుకైనా మంచిదని డ్రైవర్ సీటు కింద కార్పెట్ ఎత్తి చూశాను. సీటుని ఫ్లోర్‌కి పట్టి ఉంచే బోల్టు పక్కన రేకు, స్క్రూడ్రైవర్ తగిలిస్తే పెంకులు పెంకులుగా రాలుతోంది. నాన్న రోజూ డ్యూటీకి వెళ్ళొచ్చేది ఆ సీట్లో కూర్చునే.

ఒకచోట అడిగితే మొత్తం బాడీ పనికి 28,000 అన్నారు. మా దగ్గర ఉన్నది పది వేలు. చివరికి 8,500లో అయింది. ఏ పని మనం చేసుకోవచ్చు, ఏది మేస్త్రికి వదిలెయ్యాలి, ఏది అసలు చెయ్యకూడదు అన్నది ఆ నెల రోజుల్లో తెలిసింది. మనలో చాలామంది ఇళ్ళల్లో ఇలాంటి బండి ఒకటుంటుంది కాబట్టి రాస్తున్నా.

తుప్పు అంటే ఒక చిన్న బ్యాటరీ

ఫస్టియర్ ఇంజినీరింగ్ కెమిస్ట్రీలో కరోజన్ యూనిట్ అందరం చదివాం. పరీక్ష అయ్యాక అందరం మర్చిపోయాం. ఒక్కసారి గుర్తు చేసుకుందాం, ఎందుకంటే తర్వాత చెయ్యబోయే ప్రతి పనికీ కారణం ఇందులోనే ఉంది.

ఇనుము మీద నీటి బొట్టు పడితే అక్కడొక చిన్న సెల్ తయారవుతుంది. ఒకచోట ఇనుము ఎలక్ట్రాన్లు వదిలి కరుగుతుంది, అది ఆనోడ్. ఇంకోచోట ఆ ఎలక్ట్రాన్లని గాలిలోని ఆక్సిజన్, నీళ్ళు తీసుకుంటాయి, అది కాథోడ్. రెంటి మధ్యా నీళ్ళే వైరు. ఆ నీళ్ళల్లో ఉప్పుంటే కరెంటు ఇంకా సులువుగా పారుతుంది. పైగా ఇనుము మీద ఏర్పడే పల్చటి రక్షణ పొరని క్లోరైడు నిలవనివ్వదు. అందుకే విశాఖలోనో కాకినాడలోనో బీచ్ దగ్గర ఆగే బండి, అనంతపురంలో ఆగే బండి కంటే త్వరగా తుప్పు పడుతుంది. ఉక్కు తయారుచేసే మా ఊరే ఉక్కుని తినేస్తుందని నాన్న జోక్ చేస్తుంటారు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. కేంబ్రిడ్జిలో కరోజన్ మీద పనిచేసిన యు. ఆర్. ఎవాన్స్ ఒక ఉప్పునీటి బొట్టుని ఇనుప పలక మీద ఉంచి, రంగు మారే సూచికలు కలిపి చూశాడు. బొట్టు అంచుల్లో ఆక్సిజన్ ఎక్కువ అందుతుంది, అక్కడ గులాబీ రంగు వచ్చింది, అంటే కాథోడ్. మధ్యలో ఆక్సిజన్ తక్కువ, అక్కడ నీలం, అంటే ఇనుము కరుగుతున్న చోటు. గాలి బాగా తగిలే చోట కాకుండా, తగలని చోట ఇనుము పోతుందన్నమాట!

ఇప్పుడు కారుని ఊహించుకోండి. చక్రం ఆర్చ్ లోపల అతుక్కున్న బురద కింద, అద్దం రబ్బరు బీడింగ్ వెనక, కార్పెట్ కింద తడిసిన ఫెల్ట్ కింద, డోరు అడుగున మడతపెట్టిన అంచులో. తడి ఉండి గాలి తక్కువగా ఆడే చోట్లన్నీ ఇవే. తుప్పు కూడా సరిగ్గా అక్కడే మొదలవుతుంది. నిగనిగలాడే బానెట్ మధ్యలో మొదలవడం అరుదు.

ఇంకొక్క మాట. తుప్పు పుట్టిన ఇనుము కంటే కనీసం రెండింతలు చోటు ఆక్రమిస్తుంది. నీళ్ళు కూడా పట్టుకుని ఉంటే ఇంకా ఎక్కువ. అందుకే రంగు ఉబ్బుతుంది. అంటే బయట మనకి బుడగ కనిపించేసరికే లోపల పని చాలా దూరం వెళ్ళిపోయి ఉంటుంది. బుడగ శనగ గింజంత ఉంటే, గీకాక బయటపడే తుప్పు అరచేయంత ఉండొచ్చు. నా విషయంలో అంతే జరిగింది.

మొదటి రోజు: రంగు డబ్బా కొనకండి, కార్పెట్ ఎత్తండి

అందరం చేసే తప్పు ముందు పెయింటు షాపుకి వెళ్ళడం. మొదటి రోజు ఒక్క రూపాయీ ఖర్చు లేని రోజు. కావలసినవి మూడు: టార్చి, స్క్రూడ్రైవర్, పల్చటి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం.

బండిని కడిగి ఆరబెట్టండి. అయస్కాంతాన్ని ఆర్చ్‌ల మీదా, డోర్ల అడుగునా, రన్నింగ్ బోర్డుల మీదా మెల్లగా జరపండి. రేకు ఉన్నచోట పట్టుకుంటుంది. మందంగా పుట్టీ ఉన్నచోట జారిపోతుంది. పాత షెడ్డు పనితనం అంతా అయిదు నిమిషాల్లో బయటపడిపోతుంది. సెకండ్ హ్యాండ్ కారు కొనబోయేవాళ్ళు కూడా ఈ అయస్కాంతం జేబులో పెట్టుకెళ్ళండి.

తర్వాత స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి చూడండి. మంచి రేకు ఖంగుమంటుంది. తుప్పు తినేసిన రేకు పుచ్చిన కొబ్బరికాయలా మొద్దుగా పలుకుతుంది. అలాంటిచోట కొసతో నొక్కండి. చిల్లు పడుతుందేమో అని మొహమాటపడొద్దు. ఇప్పుడు పడితే మంచిదే, దారిలో పడకుండా.

కార్పెట్ పూర్తిగా తియ్యండి, పైపైన ఎత్తి వదిలేస్తే లాభం లేదు. మా బండికి అసలు జబ్బు అక్కడే పట్టింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు వెనకద్దం పగిలి లోపలికి నీళ్ళు చేరాయి. కొత్త అద్దం వేయించాం, కార్పెట్ ఎండబెట్టాం. కానీ కార్పెట్ కింద ఇంకో ఫెల్ట్ పొర ఉంటుందని ఎవరం చూడలేదు. పైన పొడిగా ఉన్నా కింద స్పాంజిలా తడి నిలిచి, ఏళ్ళ తరబడి ఫ్లోర్‌ని తింటూ వచ్చింది.

వెతకవలసిన చోట్ల జాబితా: నాలుగు చక్రాల ఆర్చ్‌లు, రెండు రన్నింగ్ బోర్డులు, డోర్ల అడుగు, సీట్ల కింద ఫ్లోర్, డిక్కీలో స్టెపినీ కింద గుంట, బ్యాటరీ ట్రే, ముందు అద్దం బీడింగ్ చుట్టూ, బానెట్ కింద సస్పెన్షన్ పైభాగం బిగించే చోట్లు. దొరికిన ప్రతి మచ్చకీ ఫోన్లో ఫోటో తీసి, సుద్దతో దాని చుట్టూ గీత గియ్యండి.

మూడు తరగతులు

దొరికిన తుప్పుని మూడు రకాలుగా విడగొట్టుకుంటే ఖర్చు దానంతటదే తేలుతుంది.

ఒకటి, పై తుప్పు. గీకితే పోయి కింద మెరిసే రేకు కనిపిస్తుంది. ఇది మనమే చేసుకోవచ్చు.

రెండు, గుంటల తుప్పు. గీకినా మశూచి మచ్చల్లా నల్లటి గుంటలు మిగులుతాయి, కానీ నొక్కితే రేకు గట్టిగానే ఉంటుంది. ఇది కూడా మనమే చేసుకోవచ్చు, కాస్త మందు కావాలి.

మూడు, చిల్లు. లేదా నొక్కితే చిల్లు పడేంత పల్చనైన రేకు. ఇది వెల్డింగ్ పని. మేస్త్రి దగ్గరికి వెళ్ళాల్సిందే.

ఈ మూడోదాంట్లో ఇంకో సంగతి చూడాలి: ఆ చిల్లు ఎక్కడుంది? లారీకి కింద వేరే ఛాసిస్ ఉంటుంది, పైన బాడీ కూర్చోబెడతారు. మన చిన్న కార్లకి అలా వేరే ఛాసిస్ ఉండదు. మడతలు పెట్టి అతికిన రేకులే అస్థిపంజరం. రన్నింగ్ బోర్డులు, సీటు బోల్టులు, సీటుబెల్టు బిగించే చోట్లు, జాకీ పెట్టే చోట్లు, సస్పెన్షన్ తగిలే చోట్లు, ఇవన్నీ బరువు మోసేవి. ఇక్కడ పుట్టీ గానీ ఫైబర్ గుడ్డ గానీ పెట్టడమంటే ప్రమాదం జరిగిన క్షణంలో సీటుబెల్టుని కాగితానికి కట్టినట్టే. చక్రం ఆర్చ్ అంచులో చిల్లు చూడ్డానికి అసహ్యం, అంతే. సీటు బోల్టు పక్కన చిల్లు ప్రాణం మీదికి తెస్తుంది. డబ్బు తక్కువున్నప్పుడు ముందు దేనికి పెట్టాలో ఇక వేరే చెప్పక్కర్లేదు. మేం మాత్రం 2022లో సరిగ్గా తిరగేసి పెట్టాం. కనిపించేదానికి పెట్టాం, మోసేదానికి పెట్టలేదు.

పై తుప్పు, గుంటల తుప్పు: ఇంటి దగ్గర పద్ధతి

ముందు జాగ్రత్తలు. కళ్ళకి అద్దాలు, ముక్కుకి దుమ్ము మాస్క్, చేతులకి గ్లౌజులు. బండి కింద దూరాల్సొస్తే జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు. స్టాండ్లు పెట్టి, ఆనే చక్రాలకి అడ్డు పెట్టండి. ఇటుకల మీద అసలు నిలబెట్టొద్దు, ఇటుక చెప్పకుండా పగులుతుంది.

మచ్చ చుట్టూ సబ్బునీళ్ళతో కడిగి, ఆరాక టిన్నర్ గుడ్డతో నూనె జిడ్డు తుడవండి. చుట్టూ పేపరు, మాస్కింగ్ టేపు వెయ్యండి. వైర్ బ్రష్‌తో ఊడేదంతా ఊడగొట్టండి. తర్వాత 80 నంబరు ఎమరీ పేపరుతో గీకండి. తుప్పు ఎక్కడ అయిపోయిందో అక్కడ ఆగకండి. దాన్ని దాటి కనీసం రెండంగుళాల మేర గట్టి రంగు వచ్చేదాకా వెళ్ళండి. 120, తర్వాత 220 పేపరుతో రంగు అంచుని మెట్టు లేకుండా వాలుగా చెయ్యండి. కళ్ళు మూసుకుని వేలు రాస్తే రంగు ఎక్కడ మొదలైందో తెలియకూడదు.

సముద్రం ఊళ్ళవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. శుభ్రం చేసిన రేకు మా ఊరి గాలిలో సాయంత్రానికే మళ్ళీ ఎర్రబడుతుంది. రేకు మీద చెయ్యి పెడితే చెమటలోని ఉప్పు కూడా చాలు, మర్నాటికి వేలిముద్రలు తుప్పుతో అచ్చవుతాయి. అందుకని బండి మొత్తం ఒకేసారి గీకి పెట్టుకోవద్దు. ఒక రోజుకి ఒక మచ్చ. గీకిన రోజే మందో ప్రైమరో పడిపోవాలి.

ఇక గుంటల్లో మిగిలిన నల్లటి తుప్పు. దాన్ని ఎంత గీకినా రాదు, మరీ గీకితే మంచి రేకు అరిగిపోతుంది. అక్కడికి రస్ట్ కన్వర్టర్. హార్డ్‌వేర్ షాపుల్లోనూ ఆటో పెయింటు షాపుల్లోనూ దొరుకుతుంది. బ్రష్‌తో పల్చగా రాస్తే కాసేపటికి తుప్పు నల్లగా మారుతుంది. డబ్బా మీద రాసినంత సేపు ఆగాలి. కొన్ని రకాలు ఆరాక కడగాలి, కొన్ని కడగకూడదు. ఆ సూచన చదవడం మానొద్దు, ఎందుకంటే మిగిలిపోయిన ఆమ్లం మీద ప్రైమర్ వేస్తే అది పట్టు దొరక్క ఊడిపోతుంది.

కలంకారీ నలుపు, ఢిల్లీ స్తంభం

ఆ మందు చేసే పనేంటో చూద్దాం. ఇందులో మనవాళ్ళకి ఎప్పట్నుంచో తెలిసిన విద్యే ఉంది.

కన్వర్టర్లలో ముఖ్యంగా వాడేవి రెండు: టానిక్ ఆమ్లం, ఫాస్ఫారిక్ ఆమ్లం. టానిన్, ఇనుము కలిస్తే నల్లటి, నీళ్ళల్లో కరగని పదార్థం వస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీ బట్ట మీద నల్ల గీతలు అవే! బట్టని ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళల్లో నానబెడతారు, కరక్కాయలో ఉన్నది టానిన్. ఇంకోపక్క తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్ళల్లో రోజుల తరబడి పులియబెడతారు. ఆ ఇనుప నీళ్ళలో ముంచిన కలం బట్టకి తగిలిన చోటల్లా నలుపు తేలుతుంది. కారు మీద మనం చేసేది దాన్నే తిరగేసిన పని. ఇనుము ముందే అక్కడుంది, టానిన్ మనం తెచ్చి రాస్తున్నాం.

ఫాస్ఫారిక్ ఆమ్లం తుప్పుని ఇనుప ఫాస్ఫేటుగా మారుస్తుంది. ఢిల్లీ కుతుబ్ ప్రాంగణంలోని ఇనుప స్తంభం దాదాపు 1,600 ఏళ్ళుగా వానలో నిలబడి ఉంది కదా, దాని రహస్యం కూడా ఫాస్ఫరస్‌తోనే ముడిపడి ఉంది. ఐఐటీ కాన్పూర్ ప్రొఫెసర్ ఆర్. బాలసుబ్రమణ్యం దాని మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. ఆ కాలపు ఇనుములో ఫాస్ఫరస్ ఎక్కువగా ఉండటం వల్ల పైన ఒక పల్చటి ఫాస్ఫేటు పొర ఏర్పడి లోపలి ఇనుముని కాపాడుతోందని ఆయన వివరించారు. మన కారు రేకులో అంత ఫాస్ఫరస్ లేదు. పైగా కన్వర్టర్ పొర దానంతటది సరిపోదు, ఏ మందూ రేకుని స్తంభంగా మార్చదు. గుంటల్లో మిగిలిన తుప్పుని కదలకుండా కూర్చోబెడుతుంది, అంతవరకే. పైన ప్రైమర్ పడాల్సిందే. గట్టి పొట్టులా లేచిన తుప్పు మీద రాస్తే పైపొర మాత్రమే నల్లబడి లోపల మామూలుగానే తింటూ పోతుంది.

ఊడదీయగలిగే చిన్న బ్రాకెట్లు, క్లిప్పులు ఉంటే ఇంకా చవక పద్ధతి ఉంది. అమ్మ ఇత్తడి బిందెకి చింతపండు పెట్టి తోమినట్టే. మామూలు వెనిగర్‌లో ఒక రోజు నానబెట్టి, బ్రష్‌తో రుద్ది, సోడా ఉప్పు నీళ్ళల్లో కడిగి, వెంటనే ఆరబెట్టి ప్రైమర్ కొట్టండి. స్ప్రింగులు, గట్టి స్టీలు బోల్టులు మాత్రం ఆమ్లంలో వెయ్యొద్దు. హైడ్రోజన్ లోపలికి చేరి పెళుసుబారే ప్రమాదం ఉంది.

ప్రైమర్, పుట్టీ, రంగు

డబ్బు మిగల్చాలంటే రంగులో మిగల్చండి, ప్రైమర్లో వద్దు. రెండు డబ్బాలు కలిపి వాడే ఎపాక్సీ ప్రైమర్ తీసుకోండి. మామూలు ప్రైమర్ పొరలోంచి తేమ నెమ్మదిగా దిగుతుంది, ఎపాక్సీ చాలావరకు అడ్డుకుంటుంది. రెండు పల్చటి కోట్లు వెయ్యండి. బ్రష్‌తో వేసినా ఫరవాలేదు, తర్వాత పేపరు పట్టొచ్చు.

పుట్టీ ప్రైమర్ పైనే పెట్టండి. పుట్టీ తేమని పీల్చుకుంటుంది, వట్టి రేకు మీద పెడితే తడిగుడ్డ కప్పినట్టే. రెండు మూడు మిల్లీమీటర్ల కంటే మందం వద్దు. అంతకంటే కావాల్సివస్తే అక్కడ రేకు పని మిగిలి ఉందని అర్థం. 120తో మొదలుపెట్టి 220, 400 దాకా నున్నగా పట్టి, పైన మళ్ళీ ప్రైమర్, దాని మీద 600 నంబరు వాటర్ పేపరు.

రంగు కోడ్ బండి మీద ప్లేటులో ఉంటుంది, పెయింటు షాపులో కలిపిస్తారు. కానీ పద్దెనిమిదేళ్ళు ఎండకి మాగిన తెలుపుకి కొత్త తెలుపు అచ్చంగా కలవదు. పెట్రోల్ మూత తీసి పట్టుకెళ్తే కొంత దగ్గరగా కలుపుతారు. ఎండ నేరుగా పడని చోట, తేమ తగ్గాక, ఉదయం పది దాటి వెయ్యండి. మూడు పల్చటి కోట్లు, కోటుకీ కోటుకీ మధ్య పది పదిహేను నిమిషాలు. ఆత్రపడి మందంగా కొడితే కారుతుంది, నా మొదటి మచ్చ కొవ్వొత్తిలా కారింది. రెండు డబ్బాల పెయింట్లలో కలిపే హార్డెనర్ ఊపిరితిత్తులకి మంచిది కాదు. దుమ్ము మాస్క్ దాన్ని ఆపలేదు. అది స్ప్రే చెయ్యడం ఇంటి దగ్గర పెట్టుకోకండి, మామూలు ఒక డబ్బా రంగు చాలు.

చిల్లు: మేస్త్రి దగ్గర

ఫ్లోర్ పనికి ఈసారి వేరే మేస్త్రిని వెతికాం. పెద్దాయన. కింద దూరి, టార్చి వేసి చూసి, బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ అన్నారు: "ఇది పుట్టీతో అయ్యే పని కాదు బాబూ. పుచ్చిపోయిన పన్ను మీద సున్నం ఏసినట్టుంటాది. కోసీవాలి."

"మేస్త్రి గారూ, కార్పెట్, సీట్లు మేమే విప్పి తెస్తే కూలి తగ్గుతుందా?" అని అడిగాను.

ఆయన నవ్వి, "ఇప్పడానికే కదా నాకు ఒక పూట పోతాది. మీరు ఇప్పి, తుప్పు గీకి తెచ్చీండి. రేకు, ఎల్డింగు నాను చూసుకుంటాను" అన్నారు.

ఇదే అసలు పొదుపు. వెల్డింగ్ నేర్పు ఆయనది, దానికి డబ్బివ్వాలి. విప్పడం, గీకడం, మళ్ళీ బిగించడం మన ఒళ్ళు వంచితే అయ్యేవి. మేం రెండు రోజులు కూర్చుని చేశాం.

వెల్డింగ్ ముందు చూడాల్సినవి: బ్యాటరీ నెగటివ్ తీసెయ్యాలి. ఆ చుట్టుపక్కల కార్పెట్, ఫెల్ట్, వైర్లు తప్పించాలి. పెట్రోల్ ట్యాంకు, పైపులు ఎటు వెళ్తున్నాయో చూసి, దగ్గరైతే విప్పాలి. పక్కన నీళ్ళ బకెట్, మంటలార్పే సిలిండర్ ఉండాలి. ఇవి అడిగితే మంచి మేస్త్రి విసుక్కోడు.

పని జరిగిన తీరు ఇది. పుచ్చిన రేకుని గట్టి రేకు వచ్చేదాకా కోసేశారు. చిల్లు కంటే కోత మూడింతలైంది. అట్టముక్కతో నమూనా కత్తిరించి, 20 గేజ్ రేకు, అంటే సుమారు 0.9 మిల్లీమీటర్లది, దాని ప్రకారం వంచారు. గ్యాస్ వెల్డింగ్ అయితే వేడి పాకి రేకు వంకర్లు పోతుందని, సీఓటూ వెల్డింగ్‌తో అక్కడొక చుక్క ఇక్కడొక చుక్క పెడుతూ, ఆరనిస్తూ చుట్టూ పూర్తిచేశారు. సీటు బోల్టు దగ్గర అడుగున ఇంకో మందపాటి ముక్క వేశారు.

అక్కడితో అయిపోలేదు. వెల్డింగ్ వేడికి అటుపక్క ఉన్న పాత రంగంతా కాలిపోతుంది. రెండువైపులా శుభ్రం చేసి ప్రైమర్ వెయ్యకపోతే ఏడాదిలో కొత్త అతుకు చుట్టూనే తుప్పు మొదలవుతుంది. అతుకు గీతలన్నిటి మీదా సీమ్ సీలెంట్ రాశాం.

మళ్ళీ రాకుండా

డోర్ల అడుగున, రన్నింగ్ బోర్డుల అడుగున చిన్న చిల్లులుంటాయి. అవి తుప్పు చిల్లులు కావు, నీళ్ళు పోవడానికి కంపెనీ పెట్టినవి. మట్టితో మూసుకుపోతే డోరు బకెట్ అయిపోతుంది. చీపురుపుల్లతో పొడిచి తెరవండి. 2022లో ఆ షెడ్డువాళ్ళు వీటిని కూడా పుట్టీతో నీటుగా మూసేశారు!

బోలుగా ఉండే భాగాల్లోకి, బాగా ఎండిన రోజున, కావిటీ వ్యాక్స్ కొట్టండి. వాడేసిన ఇంజనాయిల్ పోసే అలవాటు కొందరికుంది, వద్దు. రబ్బరు పాడవుతుంది, కారి బ్రేకుల మీద పడొచ్చు, నేలా పాడవుతుంది. కింద తారులాంటి అండర్‌కోటింగ్ కూడా తుప్పు మీద వేయించొద్దు. పైకి నల్లగా కొత్తగా ఉంటుంది, లోపల తడిని బంధించి ఎవాన్స్ బొట్టుని మనమే తయారుచేసినట్టవుతుంది.

బీచ్ రోడ్డు మీద తిరిగొచ్చినప్పుడు, వానాకాలం తర్వాత, బండి పైకంటే కింద కడగండి. మంచినీళ్ళు, ఆర్చ్‌ల లోపల, పైపుతో. తడి బండి మీద ప్లాస్టిక్ కవర్ కప్పొద్దు. నెలకోసారి కార్పెట్ కింద చెయ్యి పెట్టి చూడండి.

ఖర్చు లెక్క

మాకైన ఖర్చు ఇది. మీ ఊళ్ళో అటూ ఇటూ ఉండొచ్చు.

వైర్ బ్రష్‌లు, ఎమరీ పేపర్లు: 320
రస్ట్ కన్వర్టర్: 380
ఎపాక్సీ ప్రైమర్: 750
పుట్టీ: 250
రంగు, టిన్నర్, టేపు: 1,250
సీమ్ సీలెంట్, కావిటీ వ్యాక్స్: 1,100
మాస్క్, అద్దాలు, గ్లౌజులు: 450
రేకు, వెల్డింగ్ కూలి: 4,000
మొత్తం: 8,500

ఇందులో సగం దాకా ఎవరికీ కనిపించని ఫ్లోర్‌కే వెళ్ళింది.

ఒక్కోసారి చెయ్యకపోవడమే సరైన నిర్ణయం. రెండు రన్నింగ్ బోర్డులూ పోయి, సస్పెన్షన్ తగిలే చోట్లు కూడా పుచ్చి ఉంటే, ఎంత ప్రేమ ఉన్నా ఆ బండిని ప్రభుత్వ అనుమతి ఉన్న తుక్కు కేంద్రానికి ఇచ్చెయ్యడమే మంచిది. మేం కూడా అయస్కాంతం పట్టుకుని తిరిగిన ఆ మొదటి రోజు సాయంత్రం, అలా తేలితే అమ్మెయ్యాలనే అనుకున్నాం. నాన్న ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

ఇప్పుడు మా కారు వెనక ఆర్చ్ మీద తెలుపు మిగతా తెలుపుతో కలవదు. దగ్గరగా చూస్తే నా మొదటి మచ్చ కారిన చార కూడా కనిపిస్తుంది. పక్కింటి అంకుల్ చూసి, "పెయింటింగ్ బాగా రాలేదేంటి?" అన్నారు. నాన్న డ్రైవర్ డోరు తీసి, కార్పెట్ ఎత్తి, కొత్త రేకు మీద బొటనవేలితో గట్టిగా నొక్కి చూపించారు. "ముందు ఇది చూడండి" అన్నారు.

సెలవులకి ఇంటికెళ్తున్నారు కదా, మీరు కూడా ఒకసారి కార్పెట్ ఎత్తి చూడండి.